నక్షత్రం వెంట నడిచే యంత్రం
పుదుచ్చేరి మిద్దె మీద ఖగోళ ఛాయాచిత్రణం

పుదుచ్చేరి తీరానికి 1768 మార్చి 27వ తేదీన ఒక ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు చేరుకున్నాడు. ఆయన పేరు గియోమ్ లె జాంటీ. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోయే అరుదైన దృశ్యాన్ని కొలిచి, తద్ద్వారా భూమికీ సూర్యునికీ మధ్యగల దూరాన్ని నిర్ణయించే మహాయత్నంలో పాలుపంచుకోవడానికి ఆయన 1760లోనే స్వదేశం విడిచి బయలుదేరినాడు. 1761 జూన్ 6న తొలి దృశ్యం సంభవించేనాటికి పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమై ఉన్నది. ఆయన ఎక్కిన నౌక మధ్యదారిలో వెనుదిరిగినది. ఊగిసలాడే ఓడ మీద నుండి శుక్రుని చూడనైతే చూచినాడు గాని, ఆ పరిశీలన దేనికీ అక్కరకు రాలేదు. లోలకపు గడియారం ఓడ మీద సరిగా నడవదు. నిలిచిన చోటు రేఖాంశం నిక్కముగా తెలియదు. తరువాతి దృశ్యం కోసం ఎనిమిదేళ్లు ఈ సముద్రాలలోనే గడిపినాడు. పుదుచ్చేరి మరల ఫ్రెంచివారి చేతికి వచ్చిన పిమ్మట, శిథిలమైన గవర్నరు భవనం మీదనే వేధశాల కట్టించుకొని, మద్రాసులోని ఆంగ్లేయులు ఎరువిచ్చిన దూరదర్శినితో సహా సర్వం సిద్ధపరచుకొని కూర్చున్నాడు. 1769 జూన్ 4 వేకువన మబ్బు కమ్మినది. శుక్రుడు సూర్యుని వీడిపోయిన తరువాత ఆకాశం తేటపడినది.

మబ్బుకు మందు లేదు. ఈ వ్యాసంలో చెప్పబోయే ఏ పరికరమూ లె జాంటీని ఆ ఉదయం ఆదుకొని ఉండేది కాదు. కాని ఆకాశం తేటగా ఉన్న రాత్రి కూడా చిత్రం చెడగొట్టగల శత్రువు మరొకటి ఉన్నది. అది మన కాళ్ల క్రింది భూమి.

భూమి తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లలో ఒకసారి తిరుగుతుంది. ఒక డిగ్రీని 60 కళలుగాను, ఒక్కొక్క కళను 60 వికళలుగాను విభజించడం మన సిద్ధాంత గ్రంథాల నాటి నుండి ఉన్న పద్ధతి. ఆ లెక్కన ఆకాశపు మధ్యరేఖ వద్ద నక్షత్రం సెకండుకు 15 వికళల చొప్పున పడమటికి జరుగుతుంది. నిండు చంద్రబింబం వెడల్పెంతో అంత దూరాన్ని రెండు నిమిషాలలో దాటిపోతుంది. కంటికి ఇది తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. 24 మిల్లీమీటర్ల విశాల కటకంతో నిలకడగా నిలిపిన కెమెరాను 20 సెకండ్లు తెరిచి ఉంచవచ్చునని పాతకాలపు సూత్రం. నేటి కెమెరాలలో, పిక్సెల్ 3.76 మైక్రాన్లు అనుకుంటే, అంతలోనే నక్షత్రం తొమ్మిది పిక్సెళ్ల మేర గీతగా సాగుతుంది. చుక్క చుక్కగా ఉండాలంటే కెమెరా కూడా నక్షత్రం వెంట నడవాలి. ఈ నడకకే ట్రాకింగ్ అని పేరు. నడకలో వచ్చే తడబాటును క్షణక్షణం కనిపెట్టి దిద్దడం గైడింగ్.

దిద్దే పనిని యంత్రాలు చేపట్టక పూర్వం మనిషే చేసేవాడు. 1882లో దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ ఒక మహా ధూమకేతువును చిత్రించినప్పుడు, కెమెరాను దూరదర్శినికి కట్టి, ఆ దూరదర్శినిలో కన్నుంచి గంటకు పైగా చేతితోనే నడిపించినాడు. ఆ ఫలకం మీద ధూమకేతువుతోపాటు లెక్కకు మిక్కిలి నక్షత్రాలు పడినవి. ఆకాశాన్నంతటినీ ఇట్లే ఫలకాల మీదికి ఎక్కించవచ్చునన్న ఆలోచనకు అదే బీజం. 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు భూమండలంలోని వేధశాలలకు ఆకాశాన్ని పట్టీలుగా పంచి ఇచ్చినారు. తొలుత చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించిన పట్టీ, అనగా ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగం, తరువాత మన హైదరాబాదుకు వచ్చినది.

ఈ ఘనత మన వారిలో చాలమందికి తెలియకపోవడం విచారకరం. ఇంగ్లండులో చదువుకొని వచ్చిన నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో నెలకొల్పిన వేధశాల, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి నిజామియా వేధశాల అయినది. పిమ్మట బేగంపేటకు తరలినది. అక్కడి 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో చాట్‌వుడ్, పోకాక్, 1918 నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్ గార్ల నిర్వహణలో ఈ బృహత్కార్యం సాగినది. పన్నెండు సంపుటాలలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు నమోదైనవి. గడియారపు యంత్రం దూరదర్శినిని తిప్పుతూ ఉండగా, పరిశీలకుడు మార్గదర్శక దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని సాలీడు దారం వంటి అడ్డగీతల కూడలిపై నిలిపి, అది ఏ కొంచెం జరిగినా మర తిప్పి వెనుకకు తెచ్చేవాడు. రెప్ప వేయడానికి కూడా లెక్క ఉండేది. ఈనాడు అగ్గిపెట్టె పరిమాణంలోని గైడ్ కెమెరా చేసే పని అదే. 1980ల చివర అమెరికాలోని శాంటా బార్బరా ఇన్‌స్ట్రుమెంట్ గ్రూప్ సంస్థ అమ్మకానికి తెచ్చిన ఎస్‌టీ-4 అనే పరికరం ఈ కంటి చాకిరీ నుండి ఔత్సాహికులను విముక్తులను చేసినది. నేటికీ మౌంట్ల మీద గైడింగ్ తీగ గుచ్చే రంధ్రాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక అసలు విషయం. ఇటీవల పుదుచ్చేరికి బదిలీపై వెళ్లిన సహోద్యోగి ఒకరు, పదవీ విరమణకు రెండేళ్ల దూరంలో ఉన్నవారు, పొదుపు చేసిన సొమ్ముతో దూరదర్శిని కొనదలచి, ఏది మంచిదని అడిగినారు. మూడు నెలల జీతమంత మొత్తం అది. ఇంటిలో ఒప్పించడానికి ఏడాది పట్టినదట. రెండవసారి కొనే అవకాశం ఉండదని ఆయనే అన్నారు. అందువలన వారికి చెప్పినది ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను. వారి ప్రశ్నను నేను కొంత మార్చవలసి వచ్చినది. ఛాయాచిత్రణానికి ముందుగా ఎంచవలసినది దూరదర్శినిని కాదు, దానిని మోసి తిప్పే మౌంటును. సొమ్ములో సగమైనా దానికే పోవాలి. మధ్యరకపు కటకం మంచి మౌంటు మీద చక్కని చిత్రమిస్తుంది. మేలైన కటకం నాసిరకపు మౌంటు మీద గీతలే ఇస్తుంది.

మౌంటు లోపల ఏమున్నదో మన కర్మాగారాలలో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. వార్మ్ గేరు, దానికి తగిన చక్రం. చక్రానికి 180 పళ్లు ఉన్నవనుకొందాం. నక్షత్ర దినాన్ని 180తో భాగిస్తే, వార్మ్ ఒక్కసారి తిరగడానికి 479 సెకండ్లు, అనగా ఎనిమిది నిమిషాలకు ఒక్క సెకండు తక్కువ పడుతుంది. వార్మ్‌ను ఎంత శ్రద్ధగా కోసినా రవ్వంత వంకర ఉండక మానదు. ఆ వంకర ప్రతి ఎనిమిది నిమిషాలకూ ఒకసారి నక్షత్రాన్ని ముందుకూ వెనుకకూ ఊపుతుంది. దీనిని ఆవర్తన దోషం అంటారు. అటు 20 వికళలు, ఇటు 20 వికళలు ఊగే మౌంటులో, ఊపు బలంగా ఉన్న వేళ సెకండుకు పావు వికళ చొప్పున తప్పు పేరుకుంటుంది. పై పిక్సెల్ కొలతతో 135 మిల్లీమీటర్ల కటకానికి ఒక పిక్సెల్ అంటే 5.7 వికళలు. అర నిమిషం తెరిచి ఉంచితే తప్పు ఒకటిన్నర పిక్సెళ్లు దాటదు, ఎవరూ పట్టించుకోరు. 400 మిల్లీమీటర్ల దూరదర్శినికి పిక్సెల్ 1.9 వికళలు మాత్రమే. అక్కడ ఒక్క నిమిషానికే నక్షత్రం ఎనిమిది పిక్సెళ్ల గీత అవుతుంది. గైడింగ్ అవసరమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం ఈ లెక్కలోనే ఉన్నది. దుకాణదారు మాటలో లేదు.

పట్టణపు వెలుగు ఇందులో ఇంకొక మలుపు. గౌబర్ట్ అవెన్యూ దీపాల కాంతి నిండిన ఆకాశంలో మామూలు రంగుల చిత్రానికి నిమిషం మించి కెమెరాను తెరిచి ఉంచినందువలన ఒరిగేది తక్కువ, ఆకాశమే తెల్లబారుతుంది. చిన్న చిన్న చిత్రాలు వందలుగా తీసి కలుపుకోవడమే మార్గం. కాబట్టి పట్టణంలో 135 మిల్లీమీటర్ల కటకంతో తృప్తి పడేవారికి, ఐదు కిలోల వరకు మోయగల స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ వంటి చిన్న ట్రాకర్ చాలును. గైడింగ్ వెంటనే కొననక్కరలేదు. అయితే హైడ్రోజన్ వాయువు వెదజల్లే 656.3 నానోమీటర్ల ఎర్రని వెలుగును మాత్రమే రానిచ్చే సన్నని ఫిల్టరు వాడదలచినవారి మాట వేరు. ఆ ఫిల్టరు పట్టణపు వెలుగును చాలవరకు అడ్డగిస్తుంది గాని, ఒక్కొక్క చిత్రానికి మూడు నుండి ఐదు నిమిషాలు కోరుతుంది. గైడింగ్ లేకుండా అది కాని పని. పట్టణంలోనే ఉండి నీహారికలను పట్టదలచినవారు గైడింగ్‌కు కేటాయించిన తరువాతనే ఫిల్టరు కొనడం మంచిది.

ఇప్పుడు పుదుచ్చేరికే ప్రత్యేకమైన చిక్కు. ఆ పట్టణపు అక్షాంశం 11 డిగ్రీల 56 కళలు. భూమధ్యరేఖకు ఎంత దగ్గరైతే ధ్రువం క్షితిజానికి అంత దిగుతుంది. విశాఖపట్నంలో పదిహేడున్నర డిగ్రీలకు పైగా, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే అయిన మన యానాంలో దాదాపు పదిహేడు డిగ్రీల ఎత్తున ఉండే ధ్రువం, పుదుచ్చేరి పట్టణంలో పన్నెండు డిగ్రీల వద్దనే ఉంటుంది. మౌంటు ఇరుసు సరిగ్గా అటువైపు చూడాలి. ఐరోపా, అమెరికా వాసుల కోసం తయారైన కొన్ని మౌంట్లు 15 లేదా 20 డిగ్రీల కంటె దిగువకు వంగవు. విశాఖలో నిక్షేపంగా పనిచేసిన యంత్రం బదిలీ తరువాత మొండికేయవచ్చు. కనుక వివరపత్రంలో అక్షాంశ పరిమితి అన్న వరుసను ముందుగా చదవండి. ఇదివరకే కొన్నవారు ముక్కాలిపీటలో ఉత్తరపు కాలిని కొంచెం కురచ చేసి పనిగడుపుకోవచ్చు. కాళ్ల మధ్య మీటరు ఎడమున్నచోట మూడు డిగ్రీలు వంచడానికి ఐదు సెంటీమీటర్లు చాలును. అంతకు మించి వంచితే బోల్తాపడే ప్రమాదం.

ఇరుసు దాదాపు అడ్డంగా పడుకోవడం వలన ఇంకొకటి కూడా జరుగుతుంది. ప్రతిభారపు కడ్డీ తిన్నగా క్రిందికి వ్రేలాడి ముక్కాలిపీట కాలికి తగులుతుంది. నడిరాత్రి మనిషి కునుకు తీసే వేళ ఇది జరిగితే మోటారు గింజుకొంటుంది, చిత్రాలన్నీ పోతాయి. పీటకూ మౌంటుకూ నడుమ ఒక అడుగు పొడవు గొట్టపు స్తంభం బిగించుకొంటే ఈ బెడద తీరుతుంది. ఇటువంటి స్తంభం దుకాణంలో కొననక్కరలేదు. లేత్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా చేయించుకోవచ్చు.

ధ్రువాభిముఖంగా నిలపడంలో ధ్రువనక్షత్రం మనకు అంతగా సాయపడదు. పన్నెండు డిగ్రీల ఎత్తున ఉన్నదంటే ఎదురింటి నీళ్ల ట్యాంకు చాలు, కనిపించకుండా చేయడానికి. కనిపించినా తీరపు మసక గాలిలో మినుకుమినుకుమంటూ ఉంటుంది. పైగా అంత దిగువన వాతావరణ వక్రీభవనం నక్షత్రాన్ని నాలుగున్నర కళల మేర పైకెత్తి చూపుతుంది. ఐదు కళల పొరపాటుతో ఇరుసును నిలిపితే నక్షత్రం నిమిషానికి 1.3 వికళల వరకు పక్కకు జారుతుంది. పొడవు కటకానికి ఇది లెక్కలోకి వస్తుంది.

ఇందుకు పాతకాలపు ఉపాయం ఒకటి ఉన్నది. ధ్రువనక్షత్రంతో పనిలేకుండా, నడిమింటి రేఖ వద్ద ఒక నక్షత్రాన్నీ, తూర్పుననో పడమటనో మరొకదానినీ ఎంచుకొని, అవి ఉత్తరానికి జారుతున్నవా దక్షిణానికి జారుతున్నవా గమనిస్తూ ఇరుసును కొద్దికొద్దిగా సవరించడం. ఫ్రెంచివారు దీనిని నేటికీ బిగూర్దాఁ పద్ధతి అంటారు, గియోమ్ బిగూర్దాఁ అనే తమ శాస్త్రజ్ఞుని పేరిట. పుదుచ్చేరిలో ఫ్రెంచి పద్ధతి పనికివచ్చే సందర్భాలలో ఇదొకటని చమత్కరించవచ్చు. అరగంట ఓపిక ఉన్నవారికి ఖర్చు లేని మార్గం. ఓపిక లేనివారికి, ఆకాశంలో ఏ దిక్కును చిత్రించినా అక్కడి నక్షత్రాల అమరికను గుర్తించి ఇరుసు తప్పును కళలలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చినవి. నైనా అటువంటిది. జడ్‌డబ్ల్యూవో సంస్థవారి ఏసీఎయిర్ అనే చిన్న పెట్టె ఈ పనిని చేతిఫోను ద్వారానే చేయిస్తుంది. ఉత్తరం మూసుకొనిపోయిన మిద్దెలకు ఇది గొప్ప వరం.

మౌంట్ల ఎంపికలో మా సహోద్యోగికి రెండు దారులు మిగిలినవి. ఒకటి స్కైవాచర్ ఈక్యూ6-ఆర్ వంటి సంప్రదాయ మౌంటు. 20 కిలోల పరికరాలను మోస్తుంది. కాని దాని తల ఒక్కటే 17 కిలోలు; ప్రతిభారాలు అదనం. మూడంతస్తుల మెట్లెక్కి ప్రతి రాత్రీ దీనిని మిద్దె మీదికి చేర్చడం యాభై ఎనిమిదేళ్ల వయస్సులో ఎన్నాళ్లు సాగుతుంది? రెండవది, 2022లో వచ్చిన జడ్‌డబ్ల్యూవో ఏఎమ్5 వంటి హార్మోనిక్ డ్రైవు మౌంటు. బరువు ఐదు కిలోలు. ప్రతిభారం లేకుండానే 13 కిలోలు మోస్తుంది. రోబోల కీళ్లలో వాడే గేరు ఇది. 1950లలో మస్సర్ అనే అమెరికన్ ఇంజనీరు కనుగొన్నాడు. 1971లో చంద్రుని మీద నడిచిన రోవరు బండి చక్రాలలోనూ ఇదే ఉన్నది. సాగే ఉక్కు గిన్నె పళ్లు బయటి వలయంతో ఎల్లప్పుడూ ఒత్తుకొని ఉంటాయి గనుక బ్యాక్‌లాష్ ఉండదు. లోపమేమనగా, దీని ఊగిసలాట వార్మ్ గేరు వలె నెమ్మదిగా సాగక ఉన్నట్టుండి దూకుతుంది. గైడింగ్ లేనిదే దీనిని నమ్మరాదు. అదికూడా అర సెకండు, సెకండు వ్యవధిలో దిద్దుతూ ఉండాలి. వార్మ్ మౌంటుకు రెండు మూడు సెకండ్లకు ఒకసారి చాలును. నా అభిప్రాయం అడిగితే, మిద్దె మీద శాశ్వత స్తంభం కట్టుకోగలవారికి మొదటిదీ, మెట్లెక్కి మోయవలసినవారికి రెండవదీ తగును. మా మిత్రుడు రెండవదాని వైపే మొగ్గినారు.

గైడింగ్ పరికరంలో డబ్బు ఆదా చేయవచ్చు. 30 మిల్లీమీటర్ల ముఖం, 120 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల బుల్లి గైడ్ దూరదర్శిని, 2.9 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా కలిస్తే పిక్సెల్ ఐదు వికళలు. ఇంత మోటు కొలతతో వికళలో సగాన్ని ఎట్లా దిద్దగలదని సందేహం రావచ్చు. నక్షత్ర బింబం పలు పిక్సెళ్ల మీద పరచుకొంటుంది. ఆ వెలుగుల కేంద్రాన్ని గణిస్తే పిక్సెల్‌లో పదో వంతు వరకు తెలుస్తుంది. పీహెచ్‌డీ2 అనే ఉచిత ప్రోగ్రాము ఒకేసారి అనేక నక్షత్రాల సగటు తీసి, ఒక్క నక్షత్రపు మినుకును నడకగా భ్రమించకుండా జాగ్రత్త పడుతుంది. 600 మిల్లీమీటర్ల లోపు కటక దూరదర్శినికి ఈ ఏర్పాటు చాలును. అద్దపు దూరదర్శిని వాడేవారికి మాత్రం చాలదు. అద్దం తన గూటిలో రవ్వంత కదిలితే గైడ్ దూరదర్శినికి ఆ సంగతి తెలియదు. తాను సరిగ్గానే నడిపిస్తున్నానని నమ్ముతూ ఉంటుంది. వారు ప్రధాన దూరదర్శిని వెలుగులోనే ఓ మూల చిన్న పట్టకంతో కొంత మళ్లించి చూసే ఆఫ్ యాక్సిస్ గైడర్ కొనుక్కోవలసి ఉంటుంది.

ఇరుసును ధ్రువం వైపు వంచకుండా, పైకీ పక్కకూ మాత్రమే తిరిగే సాదా మౌంట్లు కూడా నక్షత్రాన్ని వెంబడిస్తాయి. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 వంటి బుల్లి దూరదర్శినులు ఈ జాతివే. వీటితో నక్షత్రం నిలుస్తుంది గాని దాని చుట్టూ ఆకాశం గిరగిర తిరుగుతుంది. పుదుచ్చేరిలో దక్షిణాన 30 డిగ్రీల ఎత్తున చూస్తే ఈ భ్రమణం గంటకు 17 డిగ్రీలు. సరిగ్గా తూర్పునగాని పడమటగాని అది శూన్యం. సముద్రం వైపు తెరచుకొన్న మిద్దె ఉన్నవారికి ఇది కలసివచ్చిన అంశం. నడినెత్తిన మాత్రం ఈ మౌంట్లు చేతులెత్తేస్తాయి. మఖా నక్షత్రపు క్రాంతి పుదుచ్చేరి అక్షాంశానికి దాదాపు సరిసమానం. ఫిబ్రవరి మూడవ వారంలో నడిరేయి అది తలకు తిన్నగా పైనుండి దాటేటప్పుడు, పాపం, మౌంటు సగం చుట్టు ఒక్కసారిగా గిరుక్కున తిరగవలసి వస్తుంది. ఇటువంటి దూరదర్శినిని ధ్రువం వైపు వంచి వాడే సదుపాయం తరువాత వచ్చినది. పన్నెండు డిగ్రీల అక్షాంశంలో అలా వంచడమంటే దానిని దాదాపు పక్కకు పడుకోబెట్టడమే. గట్టి పీట లేనిదే తలపెట్టవద్దు.

ఉప్పుగాలి సంగతి తీరవాసులకు తెలిసినదే. ఇనుప మరలు ఒక్క వర్షాకాలంలోనే తుప్పెక్కుతాయి. మౌంటును మిద్దె మీద వదలక, సిలికా జెల్ పొట్లాలతో మూతబిగువు పెట్టెలో ఉంచాలి. మరలను స్టెయిన్‌లెస్ స్టీలువిగా మార్చుకోవాలి. కటకం మీద మంచు పట్టకుండా వేడి పట్టీ తప్పనిసరి. విద్యుత్తు లెక్క కూడా ముందే వేసుకోవాలి. మౌంటుకు ఒకటిన్నర ఆంపియర్లు, వేడి పట్టీకి ఒకటి, చల్లబరచే కెమెరా ఉంటే మరి రెండు అనుకొంటే, ఆరు గంటలకు 27 ఆంపియర్ గంటలు. స్కూటరు బ్యాటరీతో తెల్లవారదు. సాయంకాలపు సముద్రపుగాలి తాకిడికి గైడింగ్ గీత రంపపు పళ్లలా కనిపిస్తే పరికరాన్ని తిట్టవద్దు. పిట్టగోడ చాటుకు జరిపి, గాలి తగ్గేవరకు ఆగండి.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు ఆ తీరాన్ని తడుపుతాయి. జనవరి నుండి మార్చి వరకు ఆకాశం ఎక్కువగా తేటపడుతుంది. ఓరియన్ నీహారిక 72 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. కొత్త మౌంటుకు అదే తొలి పరీక్ష కావచ్చు. అక్షాంశం పెట్టిన ఇబ్బందులన్నింటికీ దక్షిణాకాశం బదులు తీరుస్తుంది. అగస్త్య నక్షత్రం 25 డిగ్రీల ఎత్తున దాటుతుంది. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రి వేళ ఒమేగా సెంటారి తారాగుచ్ఛం 30 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఐరోపాలో అత్యధికులకు అది క్షితిజం దాటి పైకే రాదు. దక్షిణాన దీపాలు అడ్డమైనవారు సెలవు దినాలలో తిరువణ్ణామలై దాటి జవ్వాది కొండల వైపు వెళ్లవచ్చు. హైదరాబాదులో పెరిగి, నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చెంత ఆకాశాన్ని చూడనేర్చిన వైణు బప్పు గారు కావలూరు వేధశాలకు చోటు ఎంచుకొన్నది ఆ కొండలలోనే. అక్కడికి వెళ్లేవారు ప్రతిభారాలు, బ్యాటరీ, ముక్కాలిపీట మరలు బిగించే కీ ఇంటివద్ద మరువకుండా ముందురోజే పెట్టెలో సర్దుకోవాలి.